మూడో చుట్టు

సత్తియ్య ట్రాక్టరు మిల్లు గేటు దాటి కాటా దగ్గర ఆగకముందే గుమస్తా సుబ్రహ్మణ్యం తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

"తడిసిపోయిందయ్యా సరుకు. నిన్నటి వాన మీ కళ్ళం మీదా పడింది కదా. మూతి దగ్గర గింజ చూడు, ఎలా మెత్తబడిందో. తీసుకెళ్ళి ఆరబెట్టుకుని తోలుకురా."

"పై వరసే తడిసిందండి. పైన కప్పిన బరకం ఆ మూల చిరిగి ఉంది, చూసుకోలేదు. కింద బస్తాలకి చుక్క తగల్లేదు," అన్నాడు సత్తియ్య, భుజం మీది తుండుతో మొహం తుడుచుకుంటూ. వెనక్కి తిప్పుకుని వెళ్ళి, అన్నీ దించి, పరిచి, ఎండబెట్టి, మళ్ళీ ఎత్తించడం అంటే ఎంత పనో అతని మొహంలో కనపడుతూనే ఉంది.

గణేష్‌బాబు కుర్చీలోంచి లేచాడు. మండపేటలో ఆ మిల్లుకు వచ్చే ధాన్యం చూసి తీసుకోవచ్చో కూడదో చెప్పడం అతని పని. యజమాని చంద్రరావు పదిహేనేళ్ళుగా అతను తల ఊపితేనే బేరంలోకి దిగుతాడు. అతని చేతిలో ఎప్పుడూ మూరెడు ఇనుప గొట్టం ఉంటుంది. ఒక కొస పెన్సిలు చెక్కినట్టు చెక్కి ఉంటుంది. గోనెలోకి గుచ్చి వంచితే లోపలి గింజలు జారి అరచేతిలోకి వస్తాయి. ఎవరి సరుకైనా అతను మూడు పోట్లు పొడుస్తాడు. మూతి దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి, అడుగున ఒకటి. ఆ మూడూ కాకుండా మాట అనడు.

బస్తాలు మోసే ముఠావాళ్ళ చేత కింది వరసలోంచి రెండు బస్తాలు లాగించాడు. మూతి పోటు, నడుము పోటు అయ్యాయి. బస్తాను పక్కకు దొర్లించి అడుగున పొడిచాడు. గింజల్ని రెండు అరచేతుల మధ్య నలిపి ఊదాడు. ఊక ఎగిరిపోయింది. ఒక గింజ కొరికాడు. టక్కుమంది.

"పై వరస పక్కన పెట్టించండి సుబ్రహ్మణ్యంగారూ. మిగతాది దించుకోండి. ఎండు సరుకే."

సత్తియ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అందుకే బాబూ, ఎంత దూరమైనా మీ దగ్గరికే తోలుకొస్తాను. అడుగు చూడకుండా మాటనరు మీరు."

అప్పటికి గణేష్‌బాబు జేబులో ఫోను అయిదోసారి అదిరింది.

కాటా గది నీడలో నిలబడి తెరిచాడు. 'పాత ఆటల సంఘం' గ్రూపు. కాకినాడ, రాజమండ్రి, మండపేట చుట్టుపక్కల వాళ్ళు నలభైమంది. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేముల గురించి, ఇప్పుడు పిల్లల ఫీజులు కట్టే వయసులో పోట్లాడుకునేవాళ్ళు. ఈ వారం పోట్లాట 'సెవెన్త్ హార్బర్' మీద. పాతికేళ్ళ కిందటి జపాన్ ఆట. టోమా అనే కుర్రాడు ఒక ముసలి పడవవాడిని తోడు తీసుకుని ఏడు రేవులు తిరిగే కథ. రెండు డిస్కులు. ఆ ఆటను నెత్తిన పెట్టుకునేవాళ్ళున్నారు, నేలకేసి కొట్టేవాళ్ళున్నారు, పరవాలేదు అన్న మనిషి మాత్రం ఎక్కడా లేడు.

కాకినాడలో లెక్కలు చెప్పే టీచరు హైమ ఆదివారంనాడు ఇలా రాసింది: "నాకు అన్ని ఆటల్లోకీ ఇదే ఇష్టం. ఉప్పు రేవులో ముక్కూమొహం తెలియని ముసలాయన ఒకడు టోమాకి ఆ పూటకి చోటిస్తాడు. తెల్లారి కుర్రాడు లేచేసరికి కొత్త పడవని గట్టుకి కడుతూ ఉంటాడు. అంతే. ఎందుకో ఏడుపొచ్చింది."

అక్కడినుంచి ఆవిడని వదల్లేదు.

"మేడమ్ గారూ, ఇది సీరియళ్ళ గ్రూపు కాదండి," అన్నాడు ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే కిరణ్.

"ఆటతో పాటు కర్చీఫు ఫ్రీయా అండి?" అని ఇంకొకరు.

ఆ కిందే కిరణ్ నాలుగేళ్ళ నాటి గణేష్‌బాబు మాటలు తవ్వి తెచ్చి అతికించాడు. "ఇరవై గంటలు పడవ తోయిస్తారు. నాలుగడుగులకో యుద్ధం. కూడా వచ్చిన ముసలాయన్ని మధ్యలో దించేసి మళ్ళీ చూపించరు. కొనకండి, ఆడకండి." దాని కింద తన మాట: "గణేష్‌బాబు గారు ఎప్పుడో తేల్చేశారు. ఆయన మూడు పోట్లు పొడవందే నోరు విప్పరు."

"ఆయన చివరిదాకా ఆడారా?" అని హైమ అడిగింది.

"ఎంత మాటండీ! ఆయన్నే అడగండి," అని కిరణ్.

గ్రూపంతా అతని కోసం ఆగింది. గణేష్‌బాబు 'అవును' అని కొట్టాడు. చెరిపాడు. 'కాదు' అని కొట్టాడు. అదీ చెరిపాడు. ఈలోగా హైమే మళ్ళీ రాసింది. "రెండో డిస్కు నా దగ్గర ఒకటి అదనంగా ఉంది. ఎవరికి కావాలన్నా పంపిస్తాను. ఆడాక మాట్లాడుకుందాం."

దాని కింద సన్నటి అక్షరాల్లో, హైమ గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు ఒక లైను. కిరణ్ దండం బొమ్మ పెట్టాడు. ఆరుగురు నవ్వారు.

గణేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకుని కాటా దగ్గరికి వచ్చాడు. సత్తియ్య ఇంకా నవ్వుమొహంతోనే ఉన్నాడు. ఆ నవ్వు చూడలేక, పై వరస బస్తాల్ని మళ్ళీ ఒకసారి లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాడు.

*

బుధవారం సాయంత్రం అటక మీద నుంచి అట్టపెట్టె దించాడు. బూడిదరంగు ప్లేస్టేషను, రెండు రిమోట్లు, వేలెడంత మెమొరీ కార్డు, గుడ్డలో చుట్టిన డిస్కులు. సూర్యకళ పనస తొనలు వొలుస్తూ గుమ్మంలో కూర్చుంది.

"దాళ్వా ధాన్యం వచ్చే సీజన్లో బొమ్మలాటేంటండీ?"

అతను రెండు డిస్కులు ఆమె ముందు పెట్టాడు. తెల్ల కాగితం కవర్లు. ఒకదాని మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో 'హార్బర్ 1', రెండోదాని మీదా 'హార్బర్ 1'.

"రెండూ ఒకటేగా?"

"అదే మరి."

"అంటే రెండోది లేదా?"

"లేదు. రాజమండ్రిలో సురేష్‌బాబు అని ఉండేవాడు, డిస్కులు కాపీలు కొట్టి అమ్మేవాడు. ఇంటర్లో ఉండగా కొన్నాను. ఒకటోది అయ్యాక చూసుకుంటే రెండోదీ ఒకటోదే."

"తీసుకెళ్ళి మొహాన కొట్టాల్సింది."

"బస్సెక్కి వెళ్ళాను. షాపు మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను."

"ఎందుకూ?"

"లోపల మా కాలేజీ వాళ్ళు నలుగురున్నారు. మోసపోయినవాడిలా వాళ్ళ ముందు నిలబడాలనిపించలేదు. ఆట ఏమైందిరా అని అడిగితే, దిక్కుమాలిన ఆటరా, సగంలో వదిలేశాను అన్నాను."

సూర్యకళ చేతికంటిన జిగురు నూనె గుడ్డతో తుడుచుకుంది. "అదే ఇప్పటిదాకా అంటున్నారా?"

"ముందు నలుగురికి చెప్పాను. తరవాత గ్రూపులో రాశాను. సగంలో వదిలేశానన్నది జారిపోయింది, దిక్కుమాలిన ఆట అన్నది మిగిలింది." హైమ సంగతి కూడా చెప్పాడు.

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "ఆవిడ అడిగినప్పుడన్నా లేదని చెప్పొచ్చుగా?"

"చెబితే రేపు మిల్లులో ఎవడో అంటాడు, గణేష్‌బాబు అడుగు చూడకుండా కూడా చెప్తాడటరా అని. నాకున్నది ఆ ఒక్క మాటే కదా. అది పోతే ఆ గొట్టం ఎవరు పట్టుకున్నా ఒకటే."

"సత్తియ్య బస్తా తడిసిందని ముందు మీరే అనేశారనుకోండి. తరవాత అడుగున ఎండుగింజ వచ్చింది. అప్పుడేం చేస్తారు?"

"మాట వెనక్కి తీసుకుంటాను."

"మరింకేంటి," అంది సూర్యకళ, తొనల పళ్ళెం తీసుకుని లోపలికి వెళుతూ.

అతను హైమకి విడిగా రాశాడు. "ఆ రెండో డిస్కు నాకు పంపగలరా అండి?"

చాలాసేపటికి జవాబు. "మీకా?"

"ఆయ్, నాకే."

"ఒకటో డిస్కు చివర దాచుకున్న ఆట మీ కార్డులో ఉందా?"

"ఉంది."

"పంపుతున్నాను." ఇంకొక్క ముక్క కూడా అడగలేదు. అడిగి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

*

కాకినాడ బస్సులో పార్సిలు గురువారం సాయంత్రానికి వచ్చింది. కవరు విప్పి గణేష్‌బాబు బస్టాండులో బల్ల మీద కూర్చుండిపోయాడు. తెల్ల కాగితం. ఆకుపచ్చ స్కెచ్ పెన్ను. 'హార్బర్ 2'. అవే గుండ్రటి అక్షరాలు, ఆఖరున అదే సాగదీసిన గీత. ఇదీ సురేష్‌బాబు షాపులోదే. తన రెండో డిస్కు ఎవరింట్లో ఉందో ఇన్నేళ్ళకి తెలిసింది. ఎలా వెళ్ళిందన్నది మాత్రం అప్పటికి తోచలేదు.

శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి టీవీ ముందు చాప పరిచాడు. డిస్కు తిరిగింది కానీ చదవలేదు. పెట్టెను తలకిందులుగా తిప్పి పెట్టాడు. పాత ప్లేస్టేషన్లకి అదొక్కటే వైద్యం. కిర్రుమని ఆగి, మళ్ళీ తిరిగి, తెర మీద నీలం వెలుగు వచ్చింది. కార్డులో అతని టోమా ఉన్నాడు. ఇరవై రెండు గంటల ఆట, ఎక్కడ వదిలాడో అక్కడే, గట్టున ఒక్కడూ నిలబడి ఉన్నాడు.

రెండో సగంలో యుద్ధాలు దాదాపు లేవు. పడవ పోయిన కుర్రాడు నడిచి వెనక్కి వస్తున్నాడు. మొదటి సగంలో ఎవరికి సాయం చేశాడో, ఎవరిని దాటుకుని పోయాడో ఊళ్ళవాళ్ళు గుర్తుపెట్టుకుని మాట్లాడుతున్నారు. గణేష్‌బాబు పదిహేడేళ్ళప్పుడు తొందరలో పలకరించకుండా పోయిన ఒక వల అల్లే ముసలమ్మ, "అప్పుడు తలుపు తట్టలేదేం బాబూ?" అని అడిగింది. అతను చాప మీద సర్దుకుని కూర్చున్నాడు.

ఉప్పు రేవు వచ్చింది. గడ్డం పెరిగిన ముసలాయన ఒకడు, పేరు చెప్పడు, ఎక్కడివాడో చెప్పడు, చూరు కింద చోటిచ్చాడు. తెల్లారింది. గట్టున కొత్త పడవ. ముసలాయన వంగి దానికి తాడు కడుతున్నాడు. ఒక చుట్టు. రెండు చుట్లు. పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, మూడో చుట్టు.

గణేష్‌బాబు చేతిలో రిమోటు ఒళ్ళోకి జారింది.

మొదటి డిస్కు మొదట్లోనే పడవ ముసలాయన గెంజో చెప్పిన మాట అది. రెండు చుట్లు పడవ కోసం, మూడో చుట్టు నా నిద్ర కోసం. ప్రతి రేవులోనూ అలాగే కట్టేవాడు. ఇరవై గంటలపాటు అది చూసి చూసి, ఈ కట్టడం తొందరగా అయితే బాగుండు అని విసుక్కున్నాడు గణేష్‌బాబు. మధ్యలో దించేసిన మనిషి ఇక్కడున్నాడు. తాను ఫలానా అని చెప్పకుండా పడవ చేసిచ్చి, కట్టి పంపిస్తున్నాడు. ఆట కూడా చెప్పడం లేదు. చూసినవాడు తెలుసుకోవాలి, అంతే.

సూర్యకళ కాఫీ తెచ్చి నిలబడింది. "ఏంటండీ, కళ్ళలో ఊక పడిందా?"

"పడింది."

"ఇంట్లో కూడానా," అని గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

కాఫీ సగం తాగాక తట్టింది. హైమ ఏమని రాసింది? ముక్కూమొహం తెలియని ముసలాయన. ఎందుకో ఏడుపొచ్చింది, అని. మొదటి డిస్కు ఆడినవాళ్ళు ఆ మాట రాయరు. గెంజో అని రాస్తారు. ఎందుకో అని రాయరు. అతను గుడ్డలోంచి తన రెండు డిస్కులు తీసి, హైమ పంపినదాని పక్కన పెట్టాడు. ఒకటి, ఒకటి, రెండు. ఆవిడ దగ్గర ఇంకో రెండు ఉంది. సురేష్‌బాబు ఒకే రోజు నాలుగు డిస్కులు కొట్టి ఉంటాడు. రెండు డబ్బాల్లో సర్దేటప్పుడు చూసుకోలేదు.

చివరిదాకా ఆడారా అని అడిగిన ఆవిడా మొదటినుంచీ ఆడలేదన్నమాట. అతను చాలా రోజుల తరవాత గట్టిగా నవ్వాడు.

పొద్దున్నే చంద్రరావుకి ఫోన్ చేసి శనివారం సెలవు కావాలన్నాడు.

"లారీలు క్యూలో ఉంటే సెలవేంటయ్యా? ఎవరిదన్నా పెళ్ళా?"

"పెళ్ళి కాదండి. పాత పని ఒకటి సగంలో ఉండిపోయింది."

"సగంలోనా? నువ్వా?" అన్నాడు చంద్రరావు. "సరే, కానియ్యి."

తరవాత హైమకి రాశాడు. "ఆదివారం రాజమండ్రిలో గ్రూపు కలుస్తోంది. మీరు రావాలండి. నేను అందరి ముందూ చెప్పాల్సింది ఒకటుంది."

"కర్చీఫు తెచ్చుకోవాలా?" అని వచ్చింది.

"నేను తెచ్చుకుంటున్నాను."

*

రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర టిఫిను హోటల్లో, మేడ మీద గదిలో రెండు బల్లలు కలిపి వేశారు. పదకొండుమంది వచ్చారు. హైమ తలుపు పక్క కుర్చీలో, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఏ క్షణాన్నయినా లేచిపోయేలా కూర్చుంది. కిరణ్ ఆవిడని చూసి ఇడ్లీ పళ్ళెంలోకి తల వంచాడు.

గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు. గొట్టం లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సెవెన్త్ హార్బర్ గురించి నాలుగేళ్ళ కిందట నేనో మాట రాశాను. అది సగం ఆటే ఆడి రాసింది. నా దగ్గర రెండో డిస్కు లేదు. మొన్నటిదాకా ఎప్పుడూ లేదు. మంగళవారం హైమగారు సూటిగా అడిగితే నోరు మెదపలేదు. మూతి దగ్గర పొడిచి బస్తా అంతా ఇంతేనన్నాను. తప్పు నాది. మీరందరూ నా మాట పట్టుకునే ఆవిడని అన్నారు కాబట్టి, ఆ తప్పూ నాదే."

కింద దోసె పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు పైదాకా వచ్చింది.

"నిన్న మధ్యాహ్నానికి పూర్తి చేశాను. ఇప్పుడు చెప్తాను. మూతి తాలు గింజే, ఆ మాట వెనక్కి తీసుకోను. నాలుగడుగులకో యుద్ధం ఎవడు పెట్టాడో వాడికి దండం. నడుము మధ్యస్థం. అడుగు మాత్రం… అలాంటి గింజ నేను చూళ్ళేదండి."

ఇక ఎగతాళి మొదలవుతుంది అనుకుంటూ అలాగే నిలబడ్డాడు. కిరణ్ వైపే చూశాడు. కిరణ్ చట్నీలో ఇడ్లీ ముక్కను అటూ ఇటూ దొర్లించాడు.

"గణేష్‌బాబు గారూ, మీరు సగమన్నా ఆడారు. నేనసలు ఆడలేదండి."

"ఏంట్రా?" అన్నారు ఇద్దరు ఒకేసారి.

"ఈయన రాసింది చదివాను. చాలనుకున్నాను. ఈయన మాటేగా!"

"నేను మొదటి రేవులోనే ఆపేశాను," అన్నాడు బల్ల చివర కూర్చున్న ఆశీర్వాదం. గ్రూపులో కర్చీఫు మాట అన్నది అతనే. ఇంకొకాయన, తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశానన్నాడు, అదీ కరెంటు పోయేదాకా. నవ్వులు లేచాయి. లెక్క తీస్తే, నాలుగేళ్ళుగా కొట్టుకుంటున్న ఆ బల్ల చుట్టూ ఆట మొత్తం చూసిన మనిషి ఒక్కడే. అదీ నిన్ననే.

"మేడమ్ కూడా ఆడారుగా, ఇద్దరు," అన్నాడు కిరణ్. "సారీ అండి మేడమ్. మీరొక్కరే మొత్తం ఆడి చెప్తుంటే…"

హైమ మొహం ఎర్రబడింది. గణేష్‌బాబు చప్పున అందుకున్నాడు. "ఆవిడ నాకంటే లోతుకి వెళ్ళారు. అది చాలు."

హైమ అతనివైపు చూసింది. తెలుసన్నమాట, అన్నట్టు చూసింది. తరవాత హ్యాండ్‌బ్యాగు కింద పెట్టింది.

"లేదండి. నేనూ సగమే. రెండో సగం. నా డబ్బాలో రెండూ రెండో డిస్కులే వచ్చాయి. వెళ్ళి షాపులో దెబ్బలాడాను. అతను డబ్బాలన్నీ తిరగేసి, ఒకటోది అయిపోయిందమ్మా, నేను ఆడుకున్నది నీ కార్డులో వేసిస్తా, అక్కణ్ణించి ఆడుకో అన్నాడు. అక్కణ్ణించే ఆడాను."

"ఏ షాపండీ?"

"సురేష్‌బాబని…"

గణేష్‌బాబు జేబులోంచి తెల్ల కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'హార్బర్ 1'. హైమ వంగి ఆ అక్షరాలు చూసింది. కిరణ్ ఎక్కిళ్ళు వచ్చేలా నవ్వాడు. "ఒకే బస్తా అండీ బాబూ! ఆయన మూతి, ఈవిడ అడుగు! మధ్యలో మేం!"

ఈసారి హైమ కూడా నవ్వింది. గణేష్‌బాబు కూర్చున్నాడు. ఆకలి తెలిసింది. పొద్దున్నించి ఏమీ తినలేదని గుర్తొచ్చి పెసరట్టు చెప్పాడు.

పోయేటప్పుడు మెట్ల మీద హైమ ఆగింది. "మీకెలా తెలిసిందండీ, నాది సగమని?"

"ముక్కూమొహం తెలియని ముసలాయన అని రాశారు కదా."

"అవును. ఎవరో తెలీదుగా మరి." ఆవిడ అతని మొహం చూసి ఒక మెట్టు వెనక్కి ఎక్కింది. "అంటే… తెలిసినవాడా? ఎవరండీ ఆయన?"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. గణేష్‌బాబు మింగేశాడు. కవరు ఆవిడ చేతిలో పెట్టాడు. "నేను చెప్పనండి. ఇది మీది. మీరు పంపింది నేను ఉంచుకుంటాను. ఇద్దరి దగ్గరా ఒక్కో పూర్తి ఆట అవుతుంది."

*

సోమవారం మిల్లులో ఎవరూ ఏమీ అనలేదు. సూర్యకళ నోట విన్నాడో ఏమో, చంద్రరావు మాత్రం కాటా దగ్గరికి వచ్చి, "పూర్తయిందా నీ సగం పని?" అని నవ్వి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు అయిదు లారీలు చూశాడు గణేష్‌బాబు. గొట్టం చేతిలో తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం హైమ మళ్ళీ గ్రూపులో చేరింది. చేరీ చేరగానే, "మొదటి రేవు గట్టు దాటలేకపోతున్నాను. మూడడుగులకే యుద్ధం. గణేష్‌బాబు గారు నాలుగని రాశారు, అది కూడా తప్పే," అని పెట్టింది. కిరణ్ దండం బొమ్మ పెట్టాడు. తరవాత, తనూ మొదలుపెట్టానని రాశాడు.

మంగళవారం, సత్తియ్య మిగిలిన బస్తాలు తోలుకొచ్చాడు. తడిసినవి ఆరబెట్టి తెచ్చాడు. గణేష్‌బాబు మూతి దగ్గర పొడిచాడు, నడుము దగ్గర పొడిచాడు. బస్తా దొర్లించి అడుగు పోటు వెయ్యబోతుంటే జేబులో ఫోను అదిరింది. గ్రూపు కాదు, విడిగా వచ్చింది. బళ్ళో ఒంటిపూట అయిపోయి ఉంటుంది.

"తాడు మూడు చుట్లు కడుతున్నాడు," అని రాసింది హైమ.

వెంటనే ఇంకొకటి.

"ఆయనేనా అండీ?"

గణేష్‌బాబు గొట్టం సత్తియ్య చేతికిచ్చాడు. అరచేతికంటిన ఊక చొక్కాకి తుడుచుకుని, ఒక్క మాట కొట్టి పంపాడు.

"ఆయ్."